ఒకే పేరు, ఇద్దరు మనుషులు

హదీసు శాస్త్రంలో ‘ముత్తఫిఖ్ – ముఫ్తరిఖ్’ అనే అధ్యాయం ఒకటి ఉంది. పేరు ఒకటే, తండ్రి పేరూ ఒకటే, ఒక్కొక్కసారి ఊరు కూడా ఒకటే. మనుషులు మాత్రం వేరు. వారిలో ఒకరు విశ్వసనీయులైన ఉల్లేఖకులు కావచ్చు, మరొకరు జ్ఞాపకశక్తి సన్నగిల్లినవారు కావచ్చు. ఇద్దరినీ ఒకరిగా భావిస్తే బలహీనమైన మాట బలమైనదిగా చెలామణీ అవుతుంది. హిజ్రీ 463లో పరమపదించిన ఖతీబ్ బగ్దాదీ ఈ ఒక్క అంశం మీదనే ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించారు. విద్యార్థులకు ఇది నీరసమైన పాఠం. ఇన్నేళ్లుగా బోధిస్తున్నాను గనుక ఆ సంగతి నాకు తెలుసు. అయితే మూడేళ్ల క్రితం మా కుటుంబానికి ఆ పాఠంతో పని పడింది.

మా అబ్బాజాన్ (అల్లాహ్ ఆయనను క్షమించుగాక) రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికుడు. రేపల్లె ప్రాంతం నుండి బెంగుళూరు వెళ్లి, మద్రాస్ శాపర్స్ అండ్ మైనర్స్ దళంలో చేరారు. వంతెనలు కట్టడం, దారులు వేయడం, శత్రువు పాతిన మందుపాతరలను వెలికితీయడం ఆ దళం పని. తమిళులు, తెలుగువారు, మలయాళీలు, హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అందరూ ఒకే కంపెనీలో పనిచేసేవారు. అందరినీ ‘తంబి’ అనే పిలిచేవారట. తెలుగు గడ్డమీద పుట్టిన మా నాన్నగారు ఆరేళ్లపాటు తంబిగా బతికి, 1946లో ఇంటికి తిరిగివచ్చారు.

నేను ఆయనకు చివరి సంతానాన్ని. నాకు ఊహ తెలిసేనాటికే ఆయన వృద్ధులు. యుద్ధం గురించి అడిగితే ‘మిసర్’, ‘కసినో’, ‘బారా నంబర్ కంపెనీ’ అనే మూడు మాటలు తప్ప ఆయన నోట మరేమీ వచ్చేది కాదు. సైన్యం నుండి విడుదలైనప్పుడు ఇచ్చిన పుస్తకం 1977 నవంబరు ఉప్పెనలో ఇంటి గోడతోపాటు పోయింది. పతకాలు మాత్రం ఇత్తడి చెంబులో ఉండి మిగిలాయి. నక్షత్రాకారంలో ఉన్నవి మూడు, గుండ్రనిది ఒకటి. వాటిలో ఒక నక్షత్రానికి ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ చారల రిబ్బను ఉండేది. అది ఇటలీ జెండా రంగుల్లో నేసిన ఇటలీ స్టార్ రిబ్బను అని చాలా కాలం తర్వాత తెలిసింది.

దమ్మాంలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఇంటర్నెట్టులో మా వంశవృక్షం తయారుచేయడం మొదలుపెట్టాడు. మంచి పనే. బంధుత్వాలను నిలుపుకునేందుకు వంశావళి తెలుసుకోమని దైవప్రవక్త (స) బోధించారు. అరబ్బులు ఈ విద్యలో ఆరితేరినవారు. హజ్రత్ అబూబక్ర్ (ర) ఖురైషు వంశావళులలో నిపుణులుగా పేరుగాంచారు. అయితే మావాడు మొదట ‘కసినో’ అని వెతికితే తెర మీద ప్రత్యక్షమైనవన్నీ జూదశాలలు! నా ఎదుటనే అది జరగడంతో పాపం, సిగ్గుపడిపోయాడు. ఆ తర్వాత తెలిసింది, అది ఇటలీలో రోముకు దక్షిణాన ఉన్న కస్సీనో పట్టణమని. 1944 ఆరంభంలో నాలుగు నెలలపాటు అక్కడ ఘోరమైన పోరాటం సాగింది. 4వ భారతీయ డివిజన్ ఫిబ్రవరి, మార్చి మాసాలలో ఆ కొండలలో పోరాడింది. మద్రాస్ శాపర్ల 12వ ఫీల్డ్ కంపెనీ ఆ డివిజన్‌లోనిదే. ‘బారా నంబర్ కంపెనీ’ అంటే ఏమిటో అలా బోధపడింది. కొండ మీది ప్రాచీన క్రైస్తవ మఠాన్ని ఫిబ్రవరి 15న విమానాలు బాంబులు వేసి నేలమట్టం చేశాయి. దైవనామం స్మరించే మఠాలను, చర్చిలను, మస్జిదులను ఖుర్ఆన్ ఒకే చోట ప్రస్తావించడం పాఠకులకు విదితమే. అబ్బాజాన్ ఆ పొగను చూసే ఉంటారు. ఇంట్లో మాత్రం ఎన్నడూ దాని ఊసెత్తలేదు.

కొద్ది రోజులకే మేనల్లుడు ఉత్సాహంగా ఫోన్ చేశాడు. లండనులోని జాతీయ అభిలేఖాగారంలో సైనికులకు శౌర్య పురస్కారాల కోసం పంపిన సిఫారసు పత్రాలు ఉన్నాయి. అందులో అబ్బాజాన్ పేరిట, ఇంటిపేరుతో సహా, మిలిటరీ మెడల్ సిఫారసు కనిపించిందట. కాల్పుల నడుమ గాయపడిన అధికారిని మోసుకొచ్చిన వీరుడని అందులో ఉందట. రెండు రోజుల్లో మా బంధువర్గమంతటా ఆ వార్త పాకింది. మా పెద్దన్నయ్య కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆయన మనవరాలికి సంబంధాలు చూస్తున్న రోజులవి. అమ్మాయి వివరాల కాగితంలో ‘ముత్తాత శౌర్య పతక గ్రహీత’ అనే వాక్యం కూడా చేరిపోయింది.

సంతోషం నాకూ కలిగింది. కానీ షేక్, సయ్యద్, హుస్సేన్, మస్తాన్, అబ్దుల్ అనే మాటలతో మన ప్రాంతంలో ఎన్ని వేల పేర్లు కూర్చవచ్చునో ఒక్కసారి ఊహించండి. ఆ యుద్ధంలో భారతీయ సైన్యంలో పనిచేసినవారు సుమారు 25 లక్షల మంది. అలాంటి చోట పేరు ఒక్కటే ఆధారం కాజాలదు. హదీసు పండితులు ఇద్దరు ఉల్లేఖకులను వేరుచేయడానికి గురువు ఎవరు, శిష్యుడు ఎవరు, ఏ సంవత్సరంలో ఏ నగరంలో ఉన్నారు అని విచారిస్తారు. సైనికుని విషయంలో ఆ పని చేసేది అతని నంబరు. బ్రిటిషు సైనికులకు ఇచ్చిన ఆ యుద్ధ పతకాల మీద పేర్లుండవు. భారతీయ సైనికులవాటి మీద మాత్రం నంబరు, హోదా, పేరు, దళం చెక్కించి ఇచ్చారు. మా అమ్మీజాన్ ఏటా చింతపండుతో తోమడం వల్ల నక్షత్రాల వెనుక అక్షరాలు దాదాపు అరిగిపోయాయి. గుండ్రటి పతకం అంచున ఉన్నవి మాత్రం నిలిచాయి. భూతద్దం పట్టుకొని ఒక్కొక్క అంకె రాసుకున్నాను. సిఫారసు పత్రంలో ఉన్న నంబరు వేరు, దళం వేరు. ఆ వీరుడు పదాతి దళానికి చెందినవాడు. ఆయన వేరొక మనిషి.

నంబరు సంగతి చెప్పగానే ఇంట్లో నిశ్శబ్దం అలముకుంది. పెద్దన్నయ్య, “ఎవరికి నష్టమని తవ్వుతున్నావు తమ్ముడూ? నాన్నగారూ ప్రాణాలకు తెగించినవారేగా!” అన్నారు. మేనల్లుడు కూడా, “మామూ, దాన్ని చూసేది మన వాళ్లేగా” అన్నాడు. పెద్దన్నయ్య మాటకు ఎదురాడడం మా ఇంట్లో అలవాటు లేదు. అయినా అడగక తప్పలేదు: “భాయిజాన్, ఆ రెండవ మనిషికి పిల్లలుండరా? వాళ్లు కూడా ఎక్కడో తమ తండ్రి పేరు కోసం వెతుకుతుంటే, అది మన ఇంటి గోడమీద కనిపిస్తే?” తనకు సంబంధంలేని వ్యక్తిని తండ్రిగా చెప్పుకోవడాన్ని దైవప్రవక్త (స) ఎంత కఠినంగా ఖండించారో అందరికీ తెలిసిందే. ఇతరుని ఘనతను తన తండ్రికి అంటగట్టడం దానికి ఎంతో దూరం కాదని నా అభిప్రాయం. అన్నయ్య ఆ రోజు మాట్లాడలేదు. మరునాడు ఫజ్ర్ నమాజు తర్వాత మనవరాలి కాగితం తీసుకొని, ఆ వాక్యాన్ని తన చేత్తోనే కొట్టివేశారు. వంశవృక్షం నుండి కూడా ఆ పతకం తొలగింది.

ఒక విషయం ఇక్కడ ప్రస్తావించాలి. నేను చదువుకున్న పాఠశాల పెద్దలలో బ్రిటిషు సైన్యంలో చేరడాన్ని బాహాటంగా నిషిద్ధమన్నవారున్నారు. 1921లో కరాచీ ఖిలాఫత్ మహాసభలో ఆ తీర్మానం చేసినందుకు మౌలానా హుసైన్ అహ్మద్ మదనీ, మౌలానా ముహమ్మద్ అలీ రెండేళ్లు జైలుశిక్ష అనుభవించారు. వారిని గౌరవిస్తూనే, సముద్రతీరపు పల్లెలో ముగ్గురు చెల్లెళ్ల పోషణభారం మోసిన పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ణి వారి తూకంలో వేయడానికి నాకు మనస్కరించదు. పతకం లేకపోయినా, నెలనెలా ఆయన పంపిన జీతంతోనే ఆ ముగ్గురి నిఖాలూ జరిగాయి.

అన్వేషణ అక్కడితో ఆగిపోవలసిందే. కానీ అబ్బాజాన్‌కు ఒక అలవాటు ఉండేది. ప్రతి శుక్రవారం ఫజ్ర్ తర్వాత దుఆలో తన తల్లిదండ్రుల పేర్లు పలికాక మాకెవరికీ తెలియని ఒక పేరు పలికేవారు. ఎవరని అడిగితే, “నాతోపాటు బయలుదేరినవాడు” అనేవారు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అనే సంస్థ రెండు ప్రపంచ యుద్ధాలలో మరణించిన సుమారు 17 లక్షల మంది పేర్లను నమోదుచేసి, అందరూ చూసుకునేలా ఉంచింది. అది మృతుల పట్టిక గనుక అబ్బాజాన్ పేరు అందులో ఉండదు, అల్హందులిల్లాహ్. ఆ మిత్రుని పేరు వేసి చూశాం. అదే పేరుగలవారు ఏడుగురు. ఒక్కరు మాత్రమే మద్రాస్ శాపర్. మరణం 1944 మార్చి. సమాధి కస్సీనో యుద్ధ శ్మశానవాటికలో. పక్కనే తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, ‘గుంటూరు జిల్లా’ అని.

ఆ ఊరు నేటి గుంటూరు జిల్లాలో లేదు. ఇలా వెతికేవారు పాత జిల్లాల ఎల్లలు గుర్తుపెట్టుకోవాలి. చీరాల, అద్దంకి, ఒంగోలు ఒకప్పుడు గుంటూరు జిల్లావి. 1970లో ప్రకాశం జిల్లాలో చేరాయి. 2022లో చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. పైగా ఊళ్ల పేర్లు విన్న గుమాస్తా చెవికీ, ఇంగ్లీషులో రాసిన చేతికీ మధ్య చాలా మార్పు జరుగుతుంది. ‘ళ’ పోయి ‘ల’ అవుతుంది, ‘పాలెం’ గుర్తుపట్టరానిదవుతుంది. తొంభై దాటిన మా ఫుఫీ అప్పటికి జీవించే ఉన్నారు. ఆమెను ఏ సూచనా ఇవ్వకుండా అడిగాను. “యుద్ధం నుంచి వచ్చిన కొత్తలో మీ నాన్న సైకిల్ మీద చీరాల వైపు వెళ్లాడు. స్నేహితుడి ఇంటివాళ్లు ఊరు వదిలిపోయారట, ఏడుస్తూ తిరిగొచ్చాడు. ‘వాడికి మేమే మట్టి ఇచ్చాం’ అన్నాడు” అని చెప్పారు. పట్టిక ఒక సాక్ష్యం, దానితో సంబంధంలేని ఫుఫీ మాట మరొక సాక్ష్యం. రెండూ ఒకే చోట కలిశాయి. ఇక నాకు సందేహం లేదు.

చీరాల మస్జిదు ఇమాములలో నా పూర్వ విద్యార్థి ఒకరున్నారు. ఆయన ఆరా తీయగా, ఆ శాపర్ కుమార్తె ఒకామె చేనేత కుటుంబంలో కోడలై అక్కడే ఉన్నారని తెలిసింది. వయసు ఎనభై అయిదు దాకా ఉంటుంది. తండ్రి వెళ్లేనాటికి చంటిబిడ్డ. ‘సముద్రం అవతల చనిపోయాడు’ అన్నదొక్కటే ఆమెకు తెలిసిన సంగతి.

సమాధి వివరాలు అచ్చువేసిన కాగితం తీసుకొని, మేనల్లుడు సెలవు మీద వచ్చినప్పుడు ఇద్దరం వెళ్లాం. ముస్లిం సైనికుల శిలాఫలకాల మీద అరబీలో ‘హువల్ గఫూర్’, అంటే ఆయనే క్షమించేవాడు, అని చెక్కి ఉంటుంది. ఆ మాట వినిపించగానే ఆమె కొంగు తలమీదికి లాక్కున్నారు. చాలాసేపటికి, “మౌల్వీ నాయనా, మా అబ్బాకు జనాజా నమాజు చేశారా?” అని అడిగారు. ఎనభై ఏళ్లు మోసిన ప్రశ్న అది. ఊహించి చెప్పే హక్కు నాకు లేదు. అందుచేత ఉన్నది ఉన్నట్లు చెప్పాను: “ఆపా, నమాజు సంగతి నేను చెప్పలేను. మా ఫుఫీ నాతో చెప్పారు, ఆమెతో మా నాన్నగారు చెప్పారు: మీ అబ్బాకు మట్టి ఇచ్చినవారిలో ఆయన ఉన్నారు. ఆ తర్వాత బతికినంత కాలం శుక్రవారం దుఆలో మీ అబ్బా పేరు తలచుకున్నారు. అది నేను స్వయంగా విన్నాను.” ఇప్పుడైనా చేయవచ్చునా అని ఆమె అడిగారు. పరోక్ష జనాజా హనఫీ మతంలో లేదని, షాఫయీ పండితులు అనుమతించారని, దుఆకూ సదఖాకూ మాత్రం ఏ అడ్డంకీ లేదని వివరించాను. ఆమె మనవలు ఆ సాయంత్రమే వీధి మొదట్లో మంచినీళ్ల కుండలు పెట్టించారు.

ఆమెకు చదువు రాదు. మనవడు కాగితం చదివి వినిపిస్తుంటే ఒకచోట ఆపి, తాత పేరు తప్పుగా ఉందన్నారు. అది నిజమే, ఇంగ్లీషులో ఒక అక్షరం మారడంతో అది వేరే పేరైంది. ఆధారం చూపితే ఆ సంస్థ నమోదును సవరిస్తుంది. ఖాజీ గారి దఫ్తరులో ఆమె నిఖా నమోదు దొరికింది. తండ్రి పేరు, తాత పేరు, ఊరు ఉర్దూలో స్పష్టంగా ఉన్నాయి. దాని నకలుకు తర్జుమా జతచేసి, ఆమె వేలిముద్రతో గత మాసం విజ్ఞప్తి పంపాం.