పొద్దుటి మసకకు కట్టిన బిల్లులు

నా కంటికి రోజూ పొద్దున్నే పరీక్ష జరుగుతుంది. దానికి చార్టు అక్కర్లేదు, ఫీజూ లేదు. సన్నం సూది, ఎర్ర దారం, కిటికీ వెలుతురు ఉంటే చాలు. మీర్‌పేట్‌లో మా ఇంటి ముందు గదే నా టైలరింగ్ షాపు. ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఫాల్, పీకో మిషన్ మీద పోతాయి కానీ హుక్కులు, కాజాలు, అంచు కుట్టు చేతిపనే. అది ఇంట్లోవాళ్లు లేవకముందే ముగించడం అలవాటు.

2024 జూలైలో ఒకరోజు దారం ఎక్కలేదు. కొస తడిపాను, మెలిపెట్టాను, కత్తిరించి మళ్లీ ప్రయత్నించాను. అసలు సూది బెజ్జమే కనబడలేదు. అది ఉండాల్సిన చోట చలికాలం చెరువు మీద లేచే మంచులాంటిదేదో ఉంది. తొమ్మిదిన్నరకు అదే సూది, అదే దారం, ఒక్క గుచ్చుకే ఎక్కింది. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

నాకు లెక్కల పుస్తకం రాసే అలవాటుంది. బట్టల షాపుకు ఇచ్చినవి, గిరాకీల దగ్గర రావలసినవి, చిట్టీ కట్టినవి అన్నీ అందులోనే. ఆ ఏడాది జూలై నుంచి అక్టోబరు దాకా పేజీలు తిరగేస్తే ఒక సంగతి సిగ్గుపడేలా కనబడుతుంది. జబ్బేమిటో తెలుసుకోవడానికి పైసా పెట్టకముందే దాన్ని పోగొట్టడానికి వేలు పెట్టాను.

మొదటి పద్దు కళ్లజోడు, 7,800 రూపాయలు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కళ్లద్దాల షాపు బయట 'కంటి పరీక్ష ఉచితం' అని బోర్డు చూసి లోపలికి వెళ్లాను. అప్పుడు సాయంత్రం ఆరు. కంప్యూటర్‌లో చూశారు, అక్షరాలు చదివించారు, గడగడా చదివేశాను. "మేడమ్, దగ్గరికీ దూరానికీ ఒకటే అద్దం తీసుకోండి, పని తేలికవుతుంది" అన్నాడు షాపతను. నిజానికి 2023లో కంటి వెలుగు రెండో విడతలో మా కాలనీ శిబిరంలో ఇచ్చిన దగ్గరి చూపు అద్దాలు నాకు బాగానే ఉన్నాయి. అయినా కొత్త జోడు కొన్నాను. పొద్దున లేచి పెట్టుకుంటే మసక అలాగే ఉంది, కాకపోతే ఖరీదైన అద్దంలోంచి కనబడింది.

రెండో పద్దు చుక్కల మందులు. మెడికల్ షాపు కుర్రాడు "ఆంటీ, ఇవి బాగా పోతున్నాయి" అని ఇచ్చినవి మూడు రకాలు, మొత్తం 1,140. వాటిలో ఒకటి స్టెరాయిడ్ అని తర్వాత డాక్టర్ చెబితే గానీ తెలియలేదు. డాక్టర్ చూడకుండా స్టెరాయిడ్ చుక్కలు వారాల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చట, శుక్లాలూ రావచ్చట. నేను తొమ్మిది రోజులే వేశాను. మంట పుట్టిందని మానేశాను తప్ప, తెలివితో కాదు.

మూడోది మిషన్ దగ్గర కొత్త లైటు, 1,650. నాలుగోది ఫోన్‌లో ప్రకటన చూసి చేయించిన ఫుల్ బాడీ చెకప్, 2,499. ఇది పూర్తిగా వృథా అనలేను. షుగర్ పెరిగినా చూపు మసకబారుతుంది. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ నాకు 5.6 వచ్చింది. 5.7 లోపు మామూలే కాబట్టి ఒక అనుమానం తీరింది. కానీ నాకు కావలసింది ఆ ఒక్క పరీక్ష. మిగతా డెబ్బై పరీక్షలకూ కలిపి బిల్లు కట్టాను.

వీటికి తోడు, ఎవరూ బిల్లు ఇవ్వని ఖర్చు ఒకటుంది. శ్రావణ మాసం మాకు పంట చేతికొచ్చే కాలం. ఆ ఏడు ఆగస్టు 16న వరలక్ష్మీ వ్రతం, దాని చుట్టూ పెళ్లిళ్లు. పొద్దున మూడు గంటల చేతిపని పోవడంతో 26 జాకెట్లు కుట్టలేనని వెనక్కిచ్చాను. లైనింగ్ జాకెట్‌కు కూలి 400. అంటే 10,400. ఇది పుస్తకంలో రాయలేదు. రాని డబ్బును ఎవరు రాస్తారు?

ఐదో పద్దు రాయాల్సి వచ్చి తప్పిపోయింది. సెప్టెంబరులో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్లాను. అపాయింట్‌మెంట్ సాయంత్రం నాలుగింటికి, ఫీజు 700. నాలుగింటికి నా కళ్లు అద్దంలా ఉంటాయి. "పొద్దున మసకగా ఉంటుందండీ" అన్నాను. చూసి, మోతిబిందు మొదలవుతోంది, ఆపరేషన్ చేయించుకుంటే అన్నీ సర్దుకుంటాయన్నారు. ఒక్కో కంటికి 42,000 ప్యాకేజీ, ఐదు వేలు అడ్వాన్సు కడితే ఈ నెల రాయితీ ఉంటుందని కౌంటర్‌లో చెప్పారు. నా చిట్టీ డబ్బు పదో తారీఖుకు గానీ, అంటే ఇంకో ఐదు రోజులకు గానీ చేతికి రాదు. ఆ ఐదు రోజుల గడువే నన్ను కాపాడింది. దాన్ని నా తెలివి ఖాతాలో వేసుకోను.

ఆ ఐదు రోజుల్లో మా అమ్మాయి లెక్కల పుస్తకం తిరగేసింది. డబ్బు వివరాల పక్కన మార్జిన్‌లో నేను టైములు రాసుకున్నాను. ఏ పని ఎప్పుడు మొదలుపెట్టగలిగానో చూసుకోవడానికి రాసిన అంకెలవి. 9.15, 9.30, 10.40, 9.20. "10.40 ఉన్న రోజుల్లో ఏమైందమ్మా?" అంది. ఆలోచిస్తే, అవన్నీ ముసురు పట్టిన రోజులు. "నీ జబ్బు పొద్దున ఉంటే నువ్వు సాయంత్రం ఆసుపత్రికి పోతున్నవ్. దొంగ పోయినంక పోలీసులను పిలిచినట్టుంది" అంది.

ఆ మాట నాకు సూదిలా గుచ్చుకుంది. నా దగ్గర కుట్టు నేర్చుకునే పిల్లలకు మొదటి రోజు చెప్పేదేమిటి? కొలత తీయకుండా కత్తెర పెట్టొద్దని. గుడ్డ ఒకసారి తెగితే మళ్లీ అతకదని. నా కంటి విషయంలో మాత్రం కొలత తీయకుండానే నాలుగు చోట్ల కత్తెర పెట్టాను. ఎందుకంటే వస్తువు కొంటే చేతికి సంచి వస్తుంది, ఏదో చేశామన్న తృప్తి ఉంటుంది. కారణం తెలుసుకుంటే చేతికి కాగితం ముక్క తప్ప ఏమీ రాదు. అందుకే దానికి డబ్బు పెట్టడానికి మనసు రాదు.

హైదరాబాద్‌లో ఉంటూ కంటికి ఎక్కడికి పోవాలో తెలియదనడం తప్పే. మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది. బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. ఏలూరు దగ్గర పుట్టి సినిమాల్లో సంపాదించిన ఎల్.వి. ప్రసాద్ ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇస్తే, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో దాన్ని మొదలుపెట్టారు. కట్టగలిగినవాళ్ల ఫీజులతో కట్టలేనివాళ్లకు ఉచితంగా చూసే పద్ధతి అక్కడిది. కంట్లో కార్నియాకు ఒక డాక్టర్, రెటీనాకు ఒక డాక్టర్ వేరువేరుగా ఉంటారన్నది కూడా నాకు అప్పటిదాకా తెలియదు.

అమ్మాయి కార్నియా నిపుణులున్న ఒక ఆసుపత్రిలో పొద్దున మొట్టమొదటి అపాయింట్‌మెంట్ తీసుకుంది. "లేచినంక కళ్లు ఎక్కువ తెరవకు, దారంతా మూసుకునే ఉండు" అని హుకుం జారీ చేసింది. ఆటోలో ఎల్‌బీ నగర్ వెళ్లి మెట్రో ఎక్కాం. మెట్ల దగ్గర తప్ప కళ్లు తెరవలేదు. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట... రోజూ తిరిగే స్టేషన్లను మొదటిసారి చెవులతో లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. నాంపల్లి దాటేసరికి ఎందుకో అమ్మ గుర్తొచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

డాక్టరమ్మ ముందు నా పుస్తకం చూసింది. "పొద్దున మసక, మధ్యాహ్నానికి తేట, వానరోజున ఎక్కువసేపు. సగం పరీక్ష మీరే చేసుకొచ్చారమ్మా" అంది. తర్వాత కార్నియా మందం కొలిచారు. మామూలుగా 540 మైక్రాన్ల దగ్గర ఉండాల్సింది నాకు 612 ఉంది. మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి మళ్లీ కొలిస్తే 588కి తగ్గింది. కార్నియా లోపలి పొరలో కణాలు లెక్కపెట్టే పరీక్ష ఇంకొకటి. పెద్దవాళ్లలో చదరపు మిల్లీమీటరుకు రెండు నుంచి మూడు వేలు ఉండాలి. నాకు 1,100.

ఆమె చెప్పింది నా వృత్తి భాషలో ఇలా అర్థమైంది. కంటి నల్లగుడ్డు మీద గాజులాంటి పొర కార్నియా. దాని లోపల అస్తరులాగా ఒకే వరస కణాలుంటాయి. కార్నియాలోకి దిగే నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడేయడం వాటి పని. మనిషిలో ఈ కణాలు పోతే మళ్లీ పుట్టవు. అస్తరు పలచబడితే నీరు మిగిలిపోతుంది. పగలు రెప్పలు తెరిచి ఉంటాయి కాబట్టి ఆరేసిన బట్టలాగా కొంత తడి గాలికి ఆరిపోతుంది. రాత్రంతా రెప్పలు మూసి ఉంటాయి, ఆరడం ఉండదు. అందుకే లేవగానే మంచు, పొద్దెక్కితే తేట. ముసురులో బట్టలు ఆరనట్టే ఇదీ ఆరదు. వియన్నాలోని ఎర్నెస్ట్ ఫుక్స్ అనే కంటి డాక్టర్ 1910లో దీన్ని వర్ణించాడు, జబ్బుకు ఆయన పేరే పెట్టారు. ఆడవాళ్లలో ఎక్కువ. వంశంలో నడుస్తుంది.

పొద్దుటి మసక ఉన్న ప్రతివాళ్లకూ ఇదే జబ్బని కాదు. ఎక్కువమందికి కారణం కళ్లు పొడిబారడమేనట. నిద్రలో రెప్పలు పూర్తిగా మూతపడకపోయినా, రాత్రంతా కూలర్ గాలి ముఖానికి తగిలినా, కాంటాక్ట్ లెన్సు తీయకుండా పడుకున్నా మసక రావచ్చు. హఠాత్తుగా చూపు పోయినా, నొప్పి, ఎరుపు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడినా, మాట తడబడినా మాత్రం టైములు రాసుకుంటూ కూర్చోకూడదు, ఆ రోజే పరుగెత్తాలి.

ఆ రోజు ఖర్చు: ఫీజు 600, పరీక్షలు 1,850, ఇద్దరి చార్జీలు 290. మొత్తం 2,740. అంతకుముందు కారణం తెలియకుండా చేసిన ఖర్చు, పెద్ద ఆసుపత్రి ఫీజుతో కలిపి, 13,789. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి చాలాసేపు చూశాను.

మందు కూడా చౌకే. ఐదు శాతం ఉప్పునీటి చుక్కలు, రాత్రికి అదే రకం ఆయింట్‌మెంట్. ఉప్పు కార్నియాలోని నీటిని బయటికి లాగుతుంది. ఊరగాయ ముక్క ఉప్పులో నీరు వదిలినట్టే. డాక్టరమ్మ చెప్పినట్టు పొద్దున లేచి హెయిర్ డ్రయర్‌ను చేయి చాపినంత దూరంలో పెట్టి, తక్కువ వేడిమీద కాసేపు ముఖం వైపు గాలి పట్టిస్తాను. డ్రయర్ అమ్మాయిదే, ఖర్చు సున్నా. కటింగ్, ఇస్త్రీ పొద్దుటికి మార్చుకున్నాను, చేతిపని మధ్యాహ్నానికి.

మోతిబిందు ఆపరేషన్ మాట అడిగాను. ఆ ఆపరేషన్‌లో ఈ కణాలు ఇంకొన్ని పోతాయట. నాలాంటి కంటికి లెక్క చూసుకోకుండా చేస్తే మసక పగలంతా మిగిలిపోయే ప్రమాదం ఉందట. చిట్టీ పదో తారీఖుకు పెట్టినవాళ్లకు మనసులో దండం పెట్టుకున్నాను.

ఇక రాబోయే ఖర్చు. ఏ సంవత్సరమో చెప్పలేం కానీ కార్నియా లోపలి పొర మార్చాల్సి రావచ్చు. ఇప్పుడు కార్నియా అంతా మార్చకుండా ఆ పలచని పొర ఒక్కటే మార్చే పద్ధతి ఉంది. దాన్ని మొదలుపెట్టింది నెదర్లాండ్స్‌కు చెందిన గెరిట్ మెలెస్. దీనికోసం రెండు పనులు చేశాను.

ఒకటి, పోస్టాఫీసులో నెలకు 2,000 ఆర్డీ. నేను తెరిచినప్పుడు వడ్డీ 6.7 శాతం. ఐదేళ్లకు కట్టేది 1,20,000, చేతికొచ్చేది సుమారు 1,42,700. చిట్టీలో ఇంకాస్త మిగలొచ్చు, కానీ అవసరం ముందే వస్తే పాట పాడి తగ్గించుకోవాలి. ఆర్డీలో పన్నెండు నెలలు కట్టాక సగం దాకా అప్పు తీసుకోవచ్చు. కంటి డబ్బుకు పాట ఉండకూడదనిపించింది.

రెండోది ఆరోగ్య బీమా. ఏజెంటు తెలిసినవాడే. "కంటి సంగతి రాయకు అక్కా, ఎవరు చూస్తరు?" అన్నాడు. రాశాను. 2024 ఏప్రిల్ 1 నుంచి ముందే ఉన్న జబ్బుకు కంపెనీ పెట్టే వెయిటింగ్ మూడేళ్లకు మించకూడదని రూలు వచ్చింది. అంతకుముందు నాలుగేళ్లు. దాచిపెడితే, ప్రీమియమంతా కట్టి, సరిగ్గా అవసరమైన రోజున క్లెయిము పోగొట్టుకోవచ్చు. మూడేళ్లు ఆగడం తక్కువ ఖర్చు. మామూలు పాలసీలో అవుట్‌పేషెంట్ పరీక్షలకు డబ్బు రాదు కాబట్టి చుక్కలూ ఫీజులూ మా చేతి ఖర్చే. ఈలోగా అమ్మాయి తన ఆఫీసు బీమాలో నా పేరూ మా ఆయన పేరూ చేర్పించింది. అందులో పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుందని కాగితం మీద చదివాకే చేరాం. అయితే అది తన ఉద్యోగం ఉన్నన్నాళ్లే. అందుకే రెండూ ఉంచుకున్నాం.

బీమా ఇప్పించలేనిది, ఆర్డీ కొనలేనిది ఒకటుంది, ఆ పొర. అది చనిపోయిన మనిషి కంటి నుంచే రావాలి. కన్ను అమ్మడం, కొనడం 1994 చట్టం ప్రకారం నేరం. ఎవరో ఒక ఇంటివాళ్లు తమ దుఃఖంలో, ఆరు గంటల లోపు, ఐ బ్యాంకుకు ఫోన్ చేస్తే తప్ప రాదు. మా ఇంట్లో ముగ్గురం నేత్రదానానికి పేర్లు రాయించాం.

అమ్మ సంగతి చెబుతానన్నాను. మాది దేవరకొండ దగ్గర ఊరు. అమ్మ పొద్దున చేటలో బియ్యం ఏరితే అన్నంలో రాళ్లొచ్చేవి. నాయిన కంచం ముందు కసిరేవాడు. మేమూ నవ్వేవాళ్లం. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ "పొద్దెక్కినంక కనబడ్తది బిడ్డా" అనేది. అది బద్ధకమనుకున్నాం, తర్వాత వయసనుకున్నాం. ఆమె కళ్లను ఎవరూ కొలవలేదు. నేను ఖచ్చితంగా చెప్పలేను కానీ, మెట్రోలో కళ్లు మూసుకున్నప్పుడు వినబడింది ఆ మాటే.

అక్క ఇంకా ఊళ్లోనే ఉంది. మొన్న ఫోన్ చేసి, పొద్దున లేవగానే సూదిలో దారం ఎక్కించి చూడమన్నాను. "ఎక్కుతలేదే" అంది నవ్వుతూ. పరీక్షకు మూడు వేలు పంపాను. ఆ రాత్రి పుస్తకం తీస్తే, ఆ మూడు వేలు ఏ పద్దు కింద రాయాలో తోచలేదు. కాసేపు ఆగి, 'అమ్మ' అని రాశాను.