కిలోమీటరుకి ఆరు నిమిషాలు

విశాఖ బీచ్ రోడ్డు మీద 10కె గంటలోపు పూర్తి చెయ్యాలనుకునేవాళ్లకి నేను పేసర్‌ని. వీపుకి 60 అని రాసిన జెండా కట్టుకుని పరుగెత్తుతాను. నా వెనకాల వచ్చే గుంపుని మావాళ్లు బస్సు అంటారు. బస్సెక్కినవాళ్లు ఫినిష్ చాప తొక్కేసరికి గడియారం గంట దాటకూడదు. అలాగని 57కే నేను చేరిపోయినా పని చెడినట్టే. ఆ వేగానికి సగం బస్సు దారిలోనే ఖాళీ అయిపోతుంది.

పది కిలోమీటర్లు, గంట సమయం, కిలోమీటరుకి ఆరు నిమిషాలు. ఈ లెక్కనే నమ్ముకుని చాలామంది 60:30 దగ్గర ఆగిపోతారు. పద్ధతిగా జరిగే రేసుల్లో దారిని సైకిలు ముందు చక్రానికి, దాని చుట్లు లెక్కపెట్టే జోన్స్ కౌంటర్ బిగించి కొలుస్తారు. మలుపుల్లో లోపలి అంచుకి 30 సెంటీమీటర్ల ఎడంగా, మనిషి పరుగెత్తగల అతి దగ్గర దారి పట్టుకుని కొలుస్తారు. ఎక్కడా తక్కువ పడకూడదని కిలోమీటరుకి ఇంకో మీటరు కలుపుతారు. ఆ గీత మీద మనమెవరమూ పరుగెత్తం. జనాన్ని తప్పించుకుంటాం, నీళ్ల బల్ల వైపు జరుగుతాం, యూటర్న్ వెడల్పుగా తిరుగుతాం. చివరికి వాచీలో 10.1 పడుతుంది. ఆ వంద మీటర్లకే 36 సెకన్లు పోతాయి. అందుకే వాచీలో నువ్వు చూడాల్సింది 6:00 కాదు, 5:55. మలుపు కనపడగానే దాని లోపలి అంచు మీద చూపు నిలిపి నేరుగా అటే వెళ్లు. రొప్పకుండా దొరికే సెకన్లు అవే.

గన్ పేలగానే కంగారు పడకు. బిబ్ వెనక అంటించిన చిప్, స్టార్ట్ చాప దాటినప్పుడే నీ లెక్క మొదలుపెడుతుంది.

ఈ పని నాకు నేర్పింది నేవీలో పీటీ చెప్పి రిటైరైన గురువుగారు. వాచీ అద్దం మీద ప్లాస్టర్ ముక్క అంటించి కిలోమీటరు పరుగెత్తమనేవారు. ఆగగానే "ఎంతరా?" అని అడిగేవారు. నేను చెప్పాకే ప్లాస్టర్ పీకేవారు. మొదట్లో పదిహేను, ఇరవై సెకన్ల తేడా వచ్చేది. "చూపుతో కాదురా, ఊపిరితో కొలవాలి" అనేవారు. మూడడుగులకి పీల్చి రెండడుగులకి వదులుతూ, పక్కవాడితో ఒక చిన్న మాట చెప్పగలిగి, రెండో మాటకి ఆయాసం వస్తే అదే నా ఆరు నిమిషాల వేగమని నెలల తరబడి పరుగెత్తాక ఒంటికి తెలిసింది. తేడా రెండు మూడు సెకన్లకి దిగిన రోజున ఆయన తన జెండా నాకు ఇచ్చేశారు. ఆ జెండా గుడ్డ వెలిసిపోయింది, కర్ర మాత్రం ఇప్పటికీ అదే.

పేసర్ పని చిన్నదని ఎవరైనా అంటే నేను ఊరుకోను. 2019 అక్టోబరు 12న వియన్నాలో మారథాన్ రన్నర్ కిప్‌చోగే ఆ మారథాన్ దూరాన్ని 1:59:40లో పరుగెత్తినప్పుడు వంతులవారీగా 41 మంది పేసర్లు ఆయనకి గాలి కాచారు. అది రికార్డుల్లోకి ఎక్కదు. అయినా అడుగు తప్పకుండా ఆ వేగం నిలబెట్టింది వాళ్లే.

బస్సుని చెడగొట్టేది మొదటి కిలోమీటరు. ఒకసారి ఒక కుర్రాడు నన్ను దాటుకుని దాన్ని 5:10లో కొట్టేశాడు. చలాకీగా ఉన్నాడు, పొద్దుటి గాలి చల్లగా తగిలింది, కురుసుర సబ్‌మెరీన్ దగ్గర చప్పట్లు పడ్డాయి. అప్పుఘర్ దాటాక తెన్నేటి పార్కు వైపు రోడ్డు ఎక్కుతుంది. అక్కడ మళ్లీ కనిపించాడు, నడుము మీద చేతులు పెట్టుకుని నడుస్తూ. రమ్మని పిలిచాను గానీ కాళ్లు రాలేదు. నేను మొదటి కిలోమీటరు 6:05లో పోనిస్తాను. ఎక్కుడులో వేగం చూడను, ఊపిరి చూస్తాను. అడుగు పొట్టి చేసి చేతులు ఆడిస్తాను. పోయిన సెకన్లని దిగుడులో రాబడతాను. అరచేతిలో బాల్‌పెన్నుతో మూడు అంకెలు రాసుకుంటాను: మూడు కిలోమీటర్లకి 17:55, ఐదింటికి 29:45, ఎనిమిదింటికి 47:30. వాచీ తడబడినా అరచెయ్యి తడబడదు.

నీళ్లు తాగడానికి ఆగనక్కర్లేదు. పేపరు కప్పు అంచుని రెండు వేళ్లతో నొక్కితే మూతి సన్నగా చంచాలా అవుతుంది, నీళ్లు ముక్కులోకి పోవు. రెండు గుక్కలు చాలు, మిగతాది మెడ మీద పోసుకో. ఇక్కడి ఉక్కలో చెమట కారుతుందే గానీ ఆరదు. ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది.

మా బస్సులో బ్యాంకు ఉద్యోగం చేసే ఒకావిడ ఉండేవారు. ఎన్నిసార్లు పరుగెత్తినా 61 దగ్గరే ఆగేవారు. "మాస్టారూ, ఇంకా గట్టిగా పరుగెత్తాలా?" అని అడిగారు. "లేదమ్మా, రోజూ గట్టిగా పరుగెత్తడం మానండి" అన్నాను. మంగళవారం ఒక్కోటి 5:40 చొప్పున ఐదు కిలోమీటర్లు, మధ్యమధ్య రెండేసి నిమిషాలు జాగింగ్. గురువారం టెంపో, అంటే గంటసేపు నిలపగల వేగంతో ఇరవై నిమిషాలు. ఆదివారం కబుర్లు చెప్పుకుంటూ పద్నాలుగు కిలోమీటర్లు. రేసుకి ముందు వారం అన్నీ సగానికి సగం. ఆవిడకి కష్టమైంది ఆదివారం నెమ్మదిగా పోవడమే, కానీ పట్టుబట్టి నేర్చుకున్నారు.

రేసు రోజు ఎనిమిదో కిలోమీటరు దాటాక "ఇంక బస్సు దిగండమ్మా" అన్నాను. దిగి నా ముందుకి వెళ్లారు. చిప్ టైము 59:21. ఇప్పుడు 55 కావాలంటున్నారు. అంటే కిలోమీటరు 5:30లో పడాలి. ఆవిడ మంగళవారం కిలోమీటర్లని 5:15కి మార్చాం.