ఎర్ర మీటల బీబీసీ

గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్ దుకాణాల వెనక సందులో ఉంది ఆ మేడమీది గది. ఒకప్పుడు టీవీలు బాగుచేసిన పెద్దాయన ఇప్పుడు అక్కడ ఒక పాత బీబీసీకి కీబోర్డు తయారుచేస్తున్నారు.

"బీబీసీ అనగానే రేడియో అనుకునేరు. కంప్యూటరండీ" అన్నారు.

1981 చివర్లో బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ తెచ్చిన బీబీసీ మైక్రో అది. 1984లో కేంద్రం 'క్లాస్' పథకంతో బళ్ళలో కంప్యూటరు చదువు మొదలుపెట్టినప్పుడు మన దగ్గరికొచ్చింది. చెప్పులు బయట విడిచి బడిలో కంప్యూటరు గదిలోకి వెళ్ళిన తరం మాది.

ఈయనకు దొరికిన పెట్టె పాత సామాన్లవాడి చేతిలోంచి తప్పించుకొచ్చింది. లోపలి బోర్డు బాగానే ఉంది. కీబోర్డు కాంటాక్టులను మాత్రం ఏళ్ళ తరబడి తేమ తినేసింది. విడి స్విచ్చిలు కొందామంటే, అప్పట్లో వీటిని ఒక్క కంపెనీయే చెయ్యలేదు. ఒకదాని మీట టోపీ ఇంకోదానికి పట్టదు.

అందుకే మొత్తం కొత్తగా కడుతున్నారు. మీటలన్నీ 10 నిలువు, 8 అడ్డు వరుసల గళ్ళలో కూర్చుంటాయి. ఒక కౌంటరు చిప్పు నిలువు వరుసలను వంతులవారీగా తడుముతూ, మీట నొక్కి ఉంటే లోపలికి కబురు పెడుతుంది. బ్రేక్ మీట ఒక్కటే ఈ గళ్ళ లెక్కలోకి రాదు, దాని తీగ నేరుగా రీసెట్‌కే. కరెంటు వెయ్యగానే తెర ఏ మోడ్‌లో రావాలో చెప్పే లింకులు కూడా కీబోర్డు మీదే ఉంటాయి. వాటినీ వదల్లేదాయన. కొత్త కీబోర్డు బొమ్మను అసలు కొలతకే కాగితం మీద అచ్చేసి, మిగిలిన పాత మీటలు దానిమీద పేర్చి సరిచూసుకున్నారు.

పైవరసలోని పది ఎర్ర ఫంక్షన్ మీటల రంగు మాత్రం తెగ సతాయించింది. చివరికి ఆటోనగర్‌లో కార్లకు రంగు కలిపే కుర్రాడు పాత మీట ఒకటి చూసి, కంటి అంచనాతోనే కలిపిచ్చాడు. అద్భుతంగా కుదిరింది. అక్షరాలకు అంటించిన స్టిక్కర్లే నాకు నచ్చలేదు. అసలు మీటల్లో అక్షరం రెండో రంగు ప్లాస్టిక్‌తో పోతపోసి ఉండేది, అరిగేది కాదు. ఆ మాటే అంటే, "అచ్చు ఖర్చు మీరిస్తారా?" అని నవ్వారు.

మీ ఊరి బడి స్టోర్‌రూములో ఇలాంటి పెట్టె ఉంటే తూకానికి అమ్మెయ్యకండి. అలాగని వెంటనే ప్లగ్గులో పెట్టకండి కూడా. పవర్ సప్లయ్‌లోని పాత కెపాసిటర్లు పొగలు కక్కుతాయి, ముందు అవి మార్పించండి.