మొహమాటం లేని డ్రైవర్

లినక్స్ కెర్నెల్‌లో జీపీఐఓ డ్రైవర్ రాసేవాళ్లకు ఇంటరప్ట్ టైప్ పెట్టే ఫంక్షన్ చిన్న పనిలాగే కనిపిస్తుంది. అడిగిన ట్రిగ్గర్ ఏదో చూసి, రిజిస్టర్‌లో బిట్లు మార్చి, సున్నా రిటర్న్ చేస్తే సరి. రకరకాల చిప్‌ల డ్రైవర్లలో ఈ ఒక్క ఫంక్షన్‌నే వరసగా చదువుతూ పోయాక, ఆ సున్నా విలువ నాకు తెలిసొచ్చింది. సున్నా ఇచ్చామంటే మాట ఇచ్చినట్టే.

ఎడ్జ్ ట్రిగ్గర్ తలుపు ఒక్కసారి తట్టి వెళ్లిపోయే మనిషి. లెవెల్ ట్రిగ్గర్ తలుపు తీసేదాకా తడుతూనే ఉండే మనిషి. అందుకే కెర్నెల్‌లో ఇద్దరికీ వేర్వేరు హ్యాండ్లర్లు. ఎడ్జ్ హ్యాండ్లర్ ముందే అక్నాలెడ్జ్ చేసేస్తుంది, పని మధ్యలో ఇంకో ఎడ్జ్ వస్తే పోకుండా. లెవెల్ హ్యాండ్లర్ లైన్‌ని మాస్క్ చేసి, పని అయ్యాకే తెరుస్తుంది. రిజిస్టర్ మార్చి హ్యాండ్లర్ మార్చకపోతే మాట సగమే నిలబెట్టుకున్నట్టు.

కొన్ని తప్పులు వెంటనే బయటపడతాయి. డివైస్ ట్రీలో లెవెల్ హై అంటే 4, లెవెల్ లో అంటే 8. 8 రాయాల్సిన చోట 4 రాస్తే, ఏ పనీ లేనప్పుడు హైలో ఉండే లైన్ ఆగకుండా పిలుస్తుంది. లక్ష ఇంటరప్ట్‌లలో 99,900కు మించి తమవని ఎవరూ ఒప్పుకోకపోతే, కెర్నెలే ఆ లైన్‌ని మూసేసి లాగ్‌లో గోల చేస్తుంది.

నన్ను భయపెట్టేవి గోల చేయని తప్పులు. కొన్ని చిప్‌లు రెండు ఎడ్జ్‌లనూ ఒకేసారి పట్టలేవు. డ్రైవరే లైన్ స్థితి చదివి, ఎదురు ఎడ్జ్‌కి కాపు కాసి, అది రాగానే దిశ మారుస్తుంది. చదవడానికీ మార్చడానికీ మధ్య లైన్ మారిందా, వెళ్లిపోయిన ఎడ్జ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. దిశ మార్చాక లైన్‌ని మళ్లీ చదివి సరిచూసుకునే డ్రైవర్‌కి ఈ బాధ లేదు. సరిచూసుకోనిది టెస్ట్‌లన్నీ పాసవుతుంది. వాడేవాడికి మాత్రం అప్పుడప్పుడూ ఒక బటన్ నొక్కు మాయమవుతుంది, ఎర్రర్ ఎక్కడా ఉండదు.

మొహమాటానికి పోతే ఏమవుతుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. చిప్ చేయలేని టైప్ అడిగితే ఈఇన్వాల్ అనే ఎర్రర్‌తో, అంటే మైనస్ 22తో, తిప్పి పంపేయాలి. అడిగినవాడికి మొదటి బూట్‌లోనే విషయం తెలుస్తుంది, వేరే దారి చూసుకుంటాడు. అందుకే కొత్త డ్రైవర్ రివ్యూకి వస్తే ముందు ఆ ఫంక్షన్‌లో డిఫాల్ట్ కేసు చూస్తాను. అక్కడ సున్నా కనిపిస్తే, మిగతా కోడ్‌లో ఏ లైన్‌నీ ఊరికే నమ్మను.