మంచు మీద మసి

ఆముదపు దీపం మీద పళ్లెం బోర్లించి, పట్టిన నలుపును నేతితో కలిపితే కాటుక. ఆ నలుపే వంటింటి దూలాలకు పడితే మసి. పేర్లు వేరైనా రెండూ ఒక తల్లి బిడ్డలే. ఈ మసినే శాస్త్రజ్ఞులు హిమాలయాల నెత్తిన యంత్రాలు పెట్టి కొలుస్తున్నారని చదివినప్పుడు, తెలుగు పాఠాలు చెప్పుకునే నాకెందుకీ గొడవ అనుకోలేదు. పొందూరువాణ్ణి గనుక అనుకోలేదు.

మా వూళ్లో తెలుపంటే మాటలు కాదు. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, రాట్నం మీద సన్నని నూలు వడికి నేసే ఖద్దరు మాది. ఆ బట్ట మీద ఆవగింజంత మసి పడితే వీధి చివరివారికి కూడా కనబడుతుంది. మసి కొలిచే యంత్రంలోని కిటుకు కూడా ఇదే సుమండీ!

దాని పేరు ఈథలోమీటరు. మసి పట్టించడమనే అర్థం గల గ్రీకు మాట నుంచి వచ్చిందట. అమెరికాలోని బర్క్‌లీ ప్రయోగశాలలో 1980ల తొలినాళ్లలో హాన్సెన్, ఆయన సహచరులు దీన్ని తయారుచేశారు. లోపల క్వార్ట్‌జు పీచుతో చేసిన తెల్లని పట్టీ వుంటుంది. చిన్న పంపు బయటి గాలిని లాగి పట్టీ గుండా పోనిస్తుంది. గాలి పోతుంది, మసి చిక్కుకుంటుంది. పట్టీ మీద వెలుతురు వేసి, అవతలికి యెంత తగ్గి వచ్చిందో చూస్తారు. తగ్గిన వెలుగే మసికి లెక్క. మచ్చ బాగా నల్లబడేసరికి పట్టీ తనంత తానే జరిగి కొత్త తెలుపును ముందుకు తెస్తుంది. మాసిన గుడ్డ మీద కొత్త మరక సరిగా తెలియదు గదా!

లడఖ్‌లో హాన్లే అనే చోటు వుంది. సుమారు 4,500 మీటర్ల యెత్తు. నక్షత్రాలు చూసే వేధశాల వున్నదక్కడే. తిరువనంతపురంలోని అంతరిక్ష భౌతిక ప్రయోగశాలవారు 2009లో అక్కడ మసి కొలవడం మొదలుపెట్టారు. పని అంత తేలిక కాదు. యంత్రం గాలిని బరువు లెక్కన పీలుస్తుంది. పల్చని కొండగాలిలో అదే బరువు యెక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ తేడా సవరించుకోవాలి. చివరకు యేడాది సగటు, ఘనమీటరు గాలికి 80 నానోగ్రాములకు కాస్త తక్కువగా తేలింది. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లవ వంతు. మన పట్నాలలో ఈ అంకె వేలల్లో వుంటుంది.

ఈ పాటిదానికి ఇంత హడావుడి దేనికంటారా? పడేది మంచు మీద గనుక. తెల్లని మంచు యెండను తిప్పికొడుతుంది. మసి పడ్డ మంచు యెండను తాగి త్వరగా కరుగుతుంది. పైగా జనం పల్చగా వుండే ఆ కొండల్లో చేరేది చాలావరకు దూరదేశపు పొగే. నేపాలులో ఎవరెస్టు దాపున 5,079 మీటర్ల యెత్తున 2006 నుంచి కొలిచినప్పుడూ, వానలకు ముందు నెలల్లో మసి పెరిగి, వానలు రాగానే గాలి కడిగినట్లయింది.

ఇదంతా మా మేనత్తకు చెప్పాను. డెబ్బయి దాటినా రాట్నం వదలని మనిషి. గ్యాసు పొయ్యి వుంది. దాని మీద కాచేది కాఫీ ఒక్కటే. అన్నం మాత్రం కట్టెల మీదే వండాలి.

“ఏటి నాన్నా, నా పొయ్యి పొగ అంతెత్తు కొండ మీదకెల్తాదేటి?” అంది.

“అక్కడికి చేరుతుందో లేదో గాని అత్తా, ముందు నీ గుండెల్లోకి చేరుతోంది” అన్నాను. రాత్రిళ్లు ఆవిడ దగ్గు వీధిలోకి వినబడుతుంది.

డీజిలు బళ్లు, ఇటుక బట్టీలు, పొలాల్లో తగలబెట్టే గడ్డి అన్నీ ఆ పొయ్యికి చుట్టాలే. అత్తనొక్కర్తెనే దోషిని చెయ్యడం అన్యాయం. కాని ఒకటుంది. బొగ్గుపులుసు వాయువులాగ మసి గాలిలో వందల యేళ్లు నిలవదు. వారం, పది రోజుల్లో దిగిపోతుంది. ఈవేళ పొయ్యి మారిస్తే ఆ మేలు మన కళ్లతో మనమే చూడవచ్చు.

విచిత్రమేమంటే, ఏకులకు పొగ తగలకూడదని అత్త బుట్టకు గుడ్డ కట్టి వీధిగదిలో దాస్తుంది. తాను మాత్రం పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంటుంది. ఆ మాటే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. ప్రస్తుతానికి పగటి అన్నం గ్యాసు మీద, రాత్రి అన్నం కట్టెల మీద అని ఒప్పందం కుదిరింది. పగటి అన్నానికి రుచి లేదని రోజూ చెబుతూనే వుంది.