వెండి కాగితం చుట్టుకున్న చేప

చేపను పట్టాలంటే ఏం కావాలి? గాలం, దానికి గుచ్చడానికో వానపాము. గోదావరి గట్టున పెరిగిన ఏ పిల్లాణ్ని అడిగినా ఇదే చెబుతాడు. ఫిన్లాండ్‌లో పైయన్నె సరస్సు ఒడ్డున అడిగితే మాత్రం జవాబు వేరుగా వస్తుంది. అక్కడ చేపను పట్టడానికి చేపనే వాడతారు. కాకపోతే దానికి ప్రాణం ఉండదు. ఒళ్లంతా చెక్క, దానిమీద తళుకు, ఆపైన గాజులా మెరిసే పూత, పొట్ట కింద కొక్కేలు. దేశదేశాల్లో గాలం సరదా ఉన్నవాళ్ల పెట్టెల్లో కనిపించే 'రాపాలా' దొంగచేప పుట్టిల్లు ఈ సరస్సే.

హెల్సింకీలో రైలెక్కితే గంటలో లహ్తి. అక్కడినుంచి పాతిక కిలోమీటర్లు బస్సులో వెళ్తే వ్యాక్సీ అనే చిన్న ఊరు. ఊరి మధ్యలోంచి ఓ కాలువ. 1871లో మొదలైంది. ఇటు వెసియార్వి, అటు పైయన్నె. రెండు సరస్సుల నీటిమట్టాలకీ సుమారు 3 మీటర్ల తేడా. అందుకే పడవ రాగానే ముందూ వెనకా తలుపులు మూసి, నీళ్లు నింపో తోడో దాన్ని అవతలి సరస్సు మట్టానికి తెచ్చి వదులుతారు. వేసవిలో ఆ తమాషా చూడ్డానికే జనం గట్టున చేరతారు.

పైయన్నె మామూలు సరస్సు కాదు. పొడవు 119 కిలోమీటర్లు. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లి తిరిగి వచ్చేంత దూరమన్నమాట! లోతు కొన్నిచోట్ల 95 మీటర్లు. ఆ దేశంలో ఇంతకంటే లోతైన సరస్సు లేదు. నీళ్లెంత శుభ్రమంటే, కొండరాతిలో 120 కిలోమీటర్ల సొరంగం తొలిచి 1982 నుంచి హెల్సింకీ వాసుల తాగునీటికి ఇక్కడినుంచే తీసుకెళ్తున్నారు. వ్యాక్సీకి ఉత్తరాన పుల్కిలన్‌హర్యు అని ఓ సన్నటి గట్టు ఉంది. మంచుయుగంలో హిమానీనదాలు వదిలివెళ్లిన ఇసుకా గులకరాళ్లే ఎనిమిది కిలోమీటర్ల గట్టుగా మిగిలాయి. దానిమీద రోడ్డు. పైన్ చెట్లు, రెండువైపులా నీళ్లు. ఎస్పూ, హెల్సింకీల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లకు శని, ఆదివారాల్లో వెళ్లిరావడానికి దగ్గర చోటే. అక్కడి సంతల్లో మ్యూయిక్కు అనే వేలెడంత చేపల్ని రై పిండిలో దొర్లించి వెన్నలో వేయించి ఇస్తారు. మన నెత్తళ్ల వేపుడు గుర్తొస్తుంది. కారమే లేదు!

పడవలోంచి చూశాడు

లౌరీ రాపాలా 1905లో ఈ సరస్సుకు తూర్పున ఉన్న సిస్మాలో పుట్టాడు. ఏడేళ్లప్పుడు తల్లితో కలిసి అసిక్కలకు వచ్చేశాడు. ఇంటిపేరు అసలు సారినెన్ అట. కొత్త ఊళ్లో చర్చి లెక్కల్లో రాసుకునేటప్పుడు పాస్టరుకు ఆ పేరు గుర్తురాక, వాళ్లు వచ్చిన పల్లె పేరు 'రాపాలా' అని రాసేశాడని చెబుతారు. ఆ పొరపాటే తర్వాత పెద్ద బ్రాండయి కూర్చుంది.

1928లో ఎల్మాతో పెళ్లయింది. 1930ల్లో అక్కడ పనులు దొరకని రోజులు. చలికాలం అడవిలో దుంగలు నరకడం, మిగతా రోజుల్లో పొలం పనులు, చేపల వేట. సరదాకి కాదు, పూట గడవడానికి. వందల కొక్కేలున్న పొడవాటి తాడు సరస్సులో వేసుకుంటూ మైళ్లకు మైళ్లు పడవ నడిపేవాడు. ప్రతి కొక్కేనికీ బతికున్న చేపపిల్లను గుచ్చాలి. ఎర పోతే మళ్లీ గుచ్చాలి. రోజులో సగం దానికే సరి. ఎర గుచ్చే టైములో చేపలు పట్టగలిగితే ఇంట్లో అందరి కడుపూ నిండుతుంది. ఆయన బుర్రలో తిరిగిన లెక్క ఇదే.

తెడ్లు వేస్తూ నీళ్లలోకి చూస్తుండేవాడు. చిన్నచేపలు వందలకొద్దీ గుంపుగా పోతుంటాయి. కిందినుంచి పెద్దచేప దూసుకొస్తుంది. అంత గుంపులో అది ఏ చేపను పడుతుంది? దగ్గర్లో ఉన్నదాన్ని కాదు, లావుపాటిదాన్నీ కాదు. దెబ్బతిని, ఓ పక్కకు ఒరిగి, తడబడుతూ ఈదేదాన్ని! లౌరీ కనిపెట్టింది ఇదే. రంగు, రూపం ఎలా ఉన్నా ఫర్వాలేదు, నడక మాత్రం కుంటిచేప నడకై ఉండాలి.

1936లో మొదటి చేప తయారైంది. బిరడాలు చేసే బెండును చెప్పులు కుట్టేవాళ్ల కత్తితో చెక్కి, ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాడు. తళుకు కోసం చాక్లెట్లకు చుట్టే వెండి కాగితం అంటించాడు. మరి నీళ్లలో ఆ కాగితం నిలవాలిగా! వార్నిష్ కొనే స్తోమత లేదు. పాత ఫొటో నెగటివ్‌లు కరిగించి పైన పూశాడు. ఆ ఫిల్ము సెల్యులాయిడ్. ఆరితే గట్టి, పారదర్శకమైన పొరవుతుంది. చెత్తబుట్టలోకి పోయే సరుకుతోనే మొత్తం పని అయిపోయింది. (ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి. ఆనాటి నెగటివ్‌లు కొన్ని అగ్గిపుల్ల చూపిస్తే చాలు భగ్గుమనే రకం.)

ఆ చేపతో ఒక్కోరోజు 270 కిలోల దాకా పట్టేవాడని కంపెనీ చెప్పుకునే కథ. గాలం వేసేవాళ్ల లెక్కలు ఎంతవరకు నమ్మాలన్నది మీ ఇష్టం. మిగతా బెస్తలు వచ్చి తమకూ చేసిమ్మని అడిగారన్నది మాత్రం నమ్మొచ్చు. లేకపోతే ఇంటిల్లిపాదీ, కొడుకులతో సహా, అదే పనిలో పడేవాళ్లు కాదు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కు వచ్చినవాళ్ల కళ్లలోనూ పడింది. 1959లో మినియాపోలిస్‌కు చెందిన రాన్ వెబర్ ఈ బొమ్మను చూసి ముచ్చటపడ్డాడు. స్నేహితుడు రే ఆస్ట్రమ్‌తో కలిసి అమెరికాకు తెప్పించడం మొదలుపెట్టాడు. 1962 ఆగస్టులో 'లైఫ్' పత్రిక దీనిమీద వ్యాసం వేసింది. ఆ సంచిక ముఖచిత్రం అప్పుడే చనిపోయిన మార్లిన్ మన్రో. జనం ఎగబడి కొన్నారు. ఆమె కోసం కొన్నవాళ్లు లోపలి పేజీల్లో ఈ చేపనూ చూశారు. 30 లక్షల ఆర్డర్లు వచ్చాయని కంపెనీ మాట. ఇంటి వెనక చెక్కుకునే బొమ్మకు ఫ్యాక్టరీ కట్టక తప్పలేదు. లౌరీ 1974లో కన్నుమూశాడు.

పైపూతే ప్రాణం

బెండు స్థానంలోకి తర్వాత బాల్సా చెక్క వచ్చింది. ఈక్వడార్ అడవుల్లో పెరిగే చెట్టు. మన కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి ఎరిగినవాళ్లకు దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. చేతిలో పెట్టుకుంటే బరువే తెలీదు. అంత తేలిక కాబట్టే నీళ్లు కాస్త కదిలినా కదులుతుంది. ముక్కు కింద చిన్న పెదవిలాంటి పలకను బిగిస్తే, లాగినప్పుడల్లా నీరు దాన్ని తోసి ఒళ్లు అటూ ఇటూ ఊగుతుంది. అదే కుంటినడక.

తేలికకు ఓ శాపముంది. బాల్సా నీళ్లు తాగేస్తుంది. ఎక్కడో సూదిమొనంత సందు చాలు, చెక్క ఉబ్బుతుంది, రంగు పగులుతుంది, చేప నడక చెడిపోతుంది. పైగా ఈ సరస్సులో పైక్ అనే చేప ఒకటి. నోటినిండా సూదుల్లాంటి పళ్లు. ఒక్క కొరుకుతో వారం రోజుల పని మటాష్. అందుకే ఫిన్లాండ్‌లో ఇళ్లలో సొంతంగా ఈ చేపలు చెక్కుకునేవాళ్లు చెక్కడం కంటే పూతకే ఎక్కువ రోజులు కేటాయిస్తారు. వాళ్ల భాషలో దీన్ని 'వాప్పు' అంటారు. ఊగేది అని.

పాత పద్ధతిలో సెల్యులాయిడ్ ద్రావణంలో పదేసి సార్లు ముంచి ఆరబెట్టాలి. ఇప్పుడు చాలామంది ఎపాక్సీకి మారారు. రెండు సీసాలు. ఒకదాన్లో రెసిన్, ఇంకోదాన్లో గట్టిపరిచే ద్రవం. సిరంజితో కొలిచి, సీసామీద చెప్పిన పాళ్లలోనే కలపాలి. త్వరగా ఆరుతుంది కదాని రెండోది కాస్త ఎక్కువ పోశారో, నెల గడిచినా జిగురుగానే ఉంటుంది. గబగబా గిలక్కొడితే బుడగలు. గిన్నెలో కుప్పగా వదిలేస్తే దాని వేడికి అదే గట్టిపడిపోతుంది. అందుకని రేకుమీద పల్చగా పోసుకుని బ్రష్‌తో రాస్తారు. గాల్లో చెమ్మ ఎక్కువుంటే పైన జిడ్డుగా తెల్లటి పొర కడుతుంది. వేలిముద్ర నూనె అంటినచోట పూత పట్టదు, గుంట పడుతుంది. చెక్కలో దాగిన గాలి కూడా ఊరుకోదు. గది వేడెక్కేకొద్దీ బయటికొచ్చి పూతలో బుడగవుతుంది. ముందుగా ఓ పల్చటి పూతతో చెక్క రంధ్రాలు మూసేసుకుంటే ఆ గొడవ తగ్గుతుంది.

రాసేసి గోడకు వేలాడదీస్తే పని కాదు. పూత కిందికి జారి తోక దగ్గర బొట్టు కడుతుంది. కోడిని గ్రిల్లుమీద తిప్పినట్టు, చిన్న మోటారుకు బిగించి నిమిషానికి నాలుగైదు చుట్లు తిప్పుతూ గంటలకొద్దీ వదిలేయాలి. దుమ్ము పడకుండా పైన అట్టపెట్టె బోర్లిస్తారు. చేతికి గ్లౌజులు తప్పనిసరి. పచ్చి ఎపాక్సీ పదేపదే తగిలితే కొందరికి జీవితాంతం వదలని అలర్జీ వస్తుంది. మందంగా రాస్తే గట్టిగా ఉంటుందనుకోవడమూ పొరపాటే. బరువు పెరిగితే బాల్సా తేలికంతా వృథా. పళ్లకు ఆగేంత మందం, నడక చెడనంత పల్చన. ఈ రెంటికీ మధ్య గీత చాలా సన్నం. అది తెలిసినవాడే పనివాడు.

చేతికి నచ్చినట్టు గాలపు కర్రలు కట్టుకునేవాళ్లదీ ఇదే తిప్పల మోటారు. కర్ర పొడవునా దారం జారే రింగుల్ని రంగుదారంతో బిగించి చుట్టి, ఆ దారంమీద ఎపాక్సీ పోసి తిప్పుతారు. దారం గాజులో పొదిగినట్టవుతుంది. అది ఊడితే పెద్దచేప లాగినప్పుడు రింగు ఎగిరిపోతుంది, దాంతోపాటు చేపా.

చివరి పరీక్ష నీళ్లలోనే. ఫ్యాక్టరీలో తొట్టి ఉంటుంది, ఇంట్లో అయితే స్నానాల గది. లాగితే చేప ఎడమకు పోతోందా? ముక్కుకున్న తీగ ఉంగరాన్ని పట్టకారుతో వెంట్రుకవాసి కుడికి వంచుతారు. తిన్నగా వచ్చేదాకా అంతే.

తోక దగ్గర చిన్న రెక్క

ఈ సరస్సుకు గాలంతో వెళ్లేవాళ్లకు ఒక మాట. రీలు లేని మామూలు గాలం, పురుగు ఎరతో చేపలు పట్టడానికి సరస్సులో ఎవరూ రుసుము అడగరు, విదేశీయులనైనా సరే. దొంగచేపను వాడాలంటే మాత్రం 18 నుంచి 69 ఏళ్ల మధ్యవాళ్లు ప్రభుత్వానికి రుసుము కట్టాలి. ఇక అసలు పట్టింపు ట్రౌట్ దగ్గర. దుంగలు తేల్చి పంపడానికి వాగుల్లో రాళ్లు తీసేశారు, ఆనకట్టలు కట్టారు. గుడ్లు పెట్టే చోట్లు పోయాయి. లౌరీ కాలంలో బుట్టలకెత్తిన చేపకు ఇవాళ చట్టం కాపలా.

చెరువుల్లో పెంచి వదిలిన ట్రౌట్‌కు వెన్నుమీద తోక దగ్గరుండే మెత్తటి చిన్న రెక్కను ముందే కత్తిరిస్తారు. అది లేని చేపను, 50 సెంటీమీటర్లు దాటితే ఇంటికి తీసుకెళ్లొచ్చు. రెక్క ఉందంటే అది సహజంగా పుట్టిన చేప. ఎంత పెద్దదైనా వదిలేయాలి. అందుకే కొందరు తాము చెక్కిన చేపలకు మూడు మొనల కొక్కేలు తీసేసి, ఒకటే మొనది బిగించి, దాని ముల్లునూ పట్టకారుతో నొక్కేస్తున్నారు. చేప పడగానే నీళ్లలోనే ఉంచి, ముందు తోక దగ్గర చూస్తారు. రెక్క కనిపిస్తే కొక్కెం ఊడదీస్తారు. చెక్కచేప పెట్టెలోకి, అసలు చేప పైయన్నెలోకి.