మావారి కారు, నా టైర్లు

ఇంట్లో కారు కొనే మాట మొదలైతే మనం కాఫీలు అందించి పక్కకు తప్పుకుంటాం. చివర్లో రంగు మాత్రం మనల్ని అడుగుతారు. నేనూ ఇరవై ఏళ్ళు అలాగే ఉన్నాను. అలాంటిదాన్ని, 370 గుర్రాల బలమున్న వెనక చక్రాల కారు మంచు దేశంలో కొనాలా వద్దా అన్న తగువులో రెండు నెలలు కూర్చున్నాను. టైరు పక్కన రాసిన అక్షరాలు చదవడం కూడా నేర్చుకున్నానంటే మా అత్తయ్య ఇప్పటికీ నమ్మరు.

మేముండేది కెనడాలో, టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో. 2013లో వచ్చాం. మావారికి రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. పిల్లల్ని స్కూల్లో దింపడం, కూరలు, డాక్టరు, గుడి, అన్నీ నా డ్రైవింగే. ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను. బాగానే నడుపుతానని పేరు కూడా తెచ్చుకున్నాను.

2023 ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్న మా అబ్బాయిని స్కూల్లో దింపడానికి బయల్దేరాను. రాత్రి పడిన మంచు మీద వాన తుంపర పడి గడ్డకట్టింది. మా వీధి చివర కొంచెం పల్లం, అక్కడ స్టాప్ బోర్డు. రోజూ ఆగే చోటే బ్రేకు తొక్కాను. కాలి కింద గరగరమని చప్పుడే తప్ప బండి ఆగదే! మెల్లగా, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు, నడిరోడ్డు మీదికి జారుకుంటూ పోయింది. ఎడమవైపు నుంచి స్కూలు బస్సు. దాన్ని నడిపే పెద్దావిడ ముందే కనిపెట్టి ఆపబట్టి సరిపోయింది. రెండు బళ్ళ మధ్య ఒక మంచం పట్టేంత జాగా లేదు. మావాడు ఏడవలేదు. "అమ్మా, ఇంటికెళ్ళిపోదామా?" అన్నాడంతే.

ఎవరికీ దెబ్బ తగల్లేదు, బండికి గీత పడలేదు. కానీ ఆ రోజు తర్వాత నేను స్టీరింగు ముట్టుకోలేదు. వేసవి వచ్చినా ముట్టుకోలేదు. కాళ్ళల్లో వణుకు అని చెప్తే నవ్వుతారేమోనని "కళ్ళు సరిగా కనిపించట్లేదు" అని అబద్ధం చెప్పాను. దాంతో రాత్రంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషి, నిద్రపోకుండా పిల్లల్ని దింపడం మొదలుపెట్టారు. ఒకరోజు మావాడు ఇంటికొచ్చి, "నాన్న ఎర్ర లైటు దగ్గర నిద్రపోయాడు, నేను లేపాను" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్రపడితే ఒట్టు.

ఆ శీతాకాలం ముందరే పాత కారు పని అయిపోయింది. ఇక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆవకాయకు కూడా అంత ఉప్పు పడదు! ఆ ఉప్పు బండి అడుగుభాగాన్ని తినేసింది. మెకానిక్కు చూసి, ఇంక దీనికి డబ్బు పెట్టకండి అనేశాడు.

అప్పుడు బయటపెట్టారు మావారు తన మనసులో మాట. డాడ్జ్ చార్జరు కావాలట. ఆ కారు మా బ్రాంప్టన్‌లోనే తయారయ్యేది. 2023 డిసెంబరుతో ఆ తయారీ ఆపేశారు. ఆగిపోతోందని తెలిసినప్పటినుంచీ ఈయనకు ఒకటే తహతహ. 2019 మోడలు, 5.7 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను, వాడినదే, బేరానికుంది. ఇంజను ముందు, తిప్పేది వెనక చక్రాల్ని.

మా మరిది మిస్సిసాగాలో ఉంటాడు. పెద్ద ఎత్తు బండి ఉంది వాడికి. ఫోను చేసి, "వదినా, అన్నయ్యకు పిచ్చి పట్టింది. మంచులో వెనక చక్రాల బండి ఎవరైనా కొంటారా? తోక ఊపుకుంటూ తిరుగుతుంది" అన్నాడు. నాకు దొరికాడు ఒక సాక్షి! ఇంక నేనూ అదే పాట అందుకున్నాను.

ఊళ్ళో ఉన్న మా అత్తయ్య కూడా నా పక్షమే. మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వైపు, నల్లరేగడి నేల. మా మామయ్యగారికి అంబాసిడర్ కారుండేది. అదీ వెనక చక్రాలదే. వానాకాలం పొలం దారిలో ప్రతిసారీ దిగబడేది. ముందు బరువంతా ఇంజనుదే కదా, వెనక తేలిక, చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగేవి. గోనెపట్టాలు, పత్తికట్టె చక్రాల కింద వేసి, ఇద్దరు మనుషుల్ని డిక్కీలో కూర్చోబెట్టి లాగేవారట. కూర్చున్న ఆ ఇద్దరిలో ఒకరు చిన్నప్పటి మావారే. "అంత బురద తిన్నవాడికి మళ్ళీ అదే కారు కావాలా?" అన్నారు అత్తయ్య.

మధ్యేమార్గం ఒకటి దొరికింది. అదే కారు నాలుగు చక్రాలూ తిరిగేది కూడా ఉంది. కానీ ఆ ఏడాది మోడల్లో అది ఆరు సిలిండర్ల ఇంజనుతోనే వస్తుంది, 300 గుర్రాలు. పెద్ద ఇంజను కావాలంటే వెనక చక్రాలే. మామూలు కొనుగోలుదారుకు రెండూ కలిపి ఇవ్వలేదు. "ఇది తీసుకోండి, మీ ముచ్చటా తీరుతుంది, నా భయమూ తీరుతుంది" అన్నాను. ఆయన మౌనంగా ఇడ్లీ తింటున్నారు.

అప్పుడే నాకో అనుమానం వచ్చింది. నా భయం నిజంగా తీరుతుందా?

"ఏమండీ, ఆ రోజు నేను బయల్దేరలేక ఇబ్బంది పడలేదు కదా. ఆగలేకపోయాను. ఆపేటప్పుడు ఇంజను ఏ చక్రాలు తిప్పితే ఏం?" అన్నాను.

ఆయన ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని నావైపే చూశారు. "ఏమోయ్, ఈ మాట మనవాళ్ళెవరూ అనలేదే!" అన్నారు.

అదీ సంగతి. నాలుగు చక్రాలూ తిరిగే బండి మంచులోంచి ముందుకు కదలడానికి బాగా పనికొస్తుంది. ఆపడానికి మాత్రం ఏ బండికైనా ఉండేది నాలుగు చక్రాల బ్రేకులే. బ్రేకు ఎంత గట్టిగా పట్టినా రోడ్డును పట్టాల్సింది రబ్బరు. నేను జారిన పాత కారు ముందు చక్రాలది, అందరూ మంచుకు మంచిదని చెప్పేదే! దాని టైర్లు మాత్రం అరిగిపోయిన ఆల్ సీజన్ టైర్లు. పది నెలలు నన్ను నేనే తిట్టుకున్నాను. ఒక్కసారైనా వంగి టైరు చూస్తే కదా.

ఇంక టైర్ల మీద పడ్డాను. మీలో మంచు ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఉంటే ఇది కాస్త శ్రద్ధగా చదవండి. సుమారు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చపాతీ పిండి లాగన్నమాట, ఎంత నొక్కినా సాగదు. వింటర్ టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని మీద సన్నటి కోతలు వందలకొద్దీ ఉంటాయి, అవి మంచును కొరికి పట్టుకుంటాయి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాంట్లో మంచుపువ్వు బొమ్మ ఉంటే మంచులో పరీక్షించిన టైరని అర్థం. ఎమ్ ప్లస్ ఎస్ అని ఉత్త అక్షరాలుంటే మోసపోకండి, అది పైన గాడుల తీరును బట్టి వేసే ముద్రే. గాడి లోతు 4 మిల్లీమీటర్లకు దగ్గరపడితే మంచులో ఆ టైరు వాడకూడదు. పక్క రాష్ట్రం క్విబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు లేకపోతే నేరం. మా అంటారియోలో ఆ చట్టం లేదు. కానీ వేయిస్తే ఇన్సూరెన్సులో తగ్గింపు ఇచ్చి తీరాలని 2016 నుంచి నిబంధన ఉంది. అడగండి. అడగకపోతే వాళ్ళంతట వాళ్ళు గుర్తుచేస్తారని కూర్చోకండి.

కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు అమ్మే అబ్బాయి, "ఆల్ సీజన్ టైర్లున్నాయిగా ఆంటీ, ఏడాదంతా చాలు" అన్నాడు. నేను కొంగు బిగించి (చలికోటు మీద చున్నీయే అనుకోండి) వంగి చూశాను. కొండ బొమ్మ లేదు. "వేసవికి చాలు నాయనా" అన్నాను. ఆ అబ్బాయి మావారి మొహం చూశాడు. మావారు ఆకాశం చూశారు.

చివరకు నేను ఒప్పుకున్నాను, మూడు షరతుల మీద. ముందు టైర్ల డబ్బు తీసి పక్కన పెట్టాలి, మిగిలినదాంట్లోనే కారు. రెండోది, మంచు పడగానే ఖాళీ జాగాలో ఇద్దరం నేర్చుకోవాలి. మూడోది, మంచు మరీ లోతుగా ఉన్నరోజు బండి తీయకూడదు, ఎవరెన్ని చెప్పినా సరే. టైర్లకు నా చీటీ డబ్బు 1,600 డాలర్లు ఇచ్చాను. అంతా నాదే కాబట్టి మాట కూడా నాదే!

కారుతో వచ్చినవి 20 అంగుళాల చక్రాలు, వెడల్పు టైర్లు, చూపుకు బాగుంటాయి. ఇక్కడ పోలీసులు వాడే ఇదే కారుకు 18 అంగుళాల ఇనుప చక్రాలుంటాయి. అవే కొలతలో ఇనుప రిమ్ములు తీసుకుని, 245 మిల్లీమీటర్ల వెడల్పుకు బదులు 225 వేయించాం. సన్నటి టైరు మంచు మీద తేలిపోకుండా కోసుకుంటూ కిందికి దిగుతుంది. నాలుగూ వేయించాలి సుమా. వెనక చక్రాలే కదా తిరిగేది, రెండు చాలు అని మావారు లెక్క వేయబోయారు. మలుపు తిప్పేది ముందు చక్రాలు, ఆపేపని ఎక్కువగా చేసేదీ అవే. రెండు వేస్తే ఒక కాలికి చెప్పు, ఒక కాలికి వట్టి పాదం అన్నట్టుంటుంది.

డిసెంబరులో మంచు పడింది. తెలిసినవాళ్ళ గోదాము వెనక పెద్ద ఖాళీ జాగా ఉంటే అడిగి, ఆదివారం వెళ్ళాం. ముందు ఆయన. తర్వాత నేను. పది నెలల తర్వాత స్టీరింగు పట్టుకుంటే అరచేతులు చెమటలు. యాక్సిలరేటరు కొంచెం గట్టిగా తొక్కానో లేదో, బండి వెనకభాగం జంయ్యిన పక్కకు తిరిగింది. మావారు, "బ్రేకు వద్దు! కాలు తియ్యి! నువ్వు ఎటు వెళ్ళాలో అటే చూడు, అటే తిప్పు!" అని అరిచారు. రెండుసార్లు గుండ్రంగా తిరిగాను. మూడోసారి సరిచేసుకున్నాను. బండిలో జారకుండా చూసే యంత్రం ఉంది, 2012 మోడళ్ళ నుంచి కార్లన్నిటికీ ఉండాల్సిందే. అది చక్రాన్ని పట్టుకుని, ఇంజను జోరు తగ్గించి కొంతవరకు కాస్తుంది. లేని పట్టును మాత్రం పుట్టించలేదు.

అక్కడే తెలిసింది, బలమైన ఇంజను మంచులో మనకిచ్చేది ఏమీ లేదని. 370 గుర్రాల్లో ఆ పూట ముప్ఫై చాలు. మిగతావాటిని కళ్ళెం వేసి ఆపడమే డ్రైవింగు. పెరుగు గిన్నె ఒళ్ళో పెట్టుకున్నట్టు నడపాలి. మావారు మాత్రం పకపకా నవ్వుతూ, "నాన్నారి అంబాసిడర్ రేగట్లో అచ్చం ఇలాగే తిరిగేది" అన్నారు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో! అందుకోసమే కొన్నారని అప్పుడర్థమైంది నాకు.

డిక్కీలో మనుషుల బదులు రెండు ఇసుక బస్తాలు వేశాం, కదలకుండా కట్టి. టైర్లు మంచివైతే అంత అవసరం లేదు, మరీ ఎక్కువ వేస్తే ఆగడానికీ బరువే. కానీ దిగబడితే చక్రాల కింద చల్లుకోవడానికి పనికొస్తుంది. ఒక పార, ఒక కంబళి కూడా. నెలకోసారి గాలి చూడాలి, చలి ప్రతి 5, 6 డిగ్రీలు పెరిగినప్పుడల్లా టైర్లో సుమారు ఒక పౌండు గాలి తగ్గుతుంది.

అంతా సుఖమేనని మాత్రం చెప్పను. ఊళ్ళో తిరిగితే 100 కిలోమీటర్లకు 14, 15 లీటర్లు తాగుతుంది. కింద ఖాళీ తక్కువ, లోతు మంచులో పొట్ట ఆనుతుంది. 2025 ఫిబ్రవరి మధ్యలో వరుసగా పెద్ద తుఫాన్లు వచ్చినప్పుడు రెండు రోజులు బండి కదల్చలేదు. మావారు మా మరిది బండిలో డ్యూటీకి వెళ్ళారు. మరిది దారంతా ఏమన్నాడో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పొద్దున్నే ఐదింటికల్లా చచ్చినట్టు బయల్దేరాల్సిన ఉద్యోగం, ఎత్తు మీద ఇల్లు, ఇంటికి ఒక్కటే బండి అయితే, నన్నడిగితే వెనక చక్రాల కారు వద్దంటాను. నాలుగు చక్రాలదే తీసుకోండి. దానికీ వింటర్ టైర్లు వేయించండి.

2024 జనవరిలో ఒక పొద్దున్న, ఆయన ఇంకా డ్యూటీనుంచి రాలేదు, నేనే తాళాలు తీసుకున్నాను. రాత్రి మంచు పడింది. అదే వీధి, అదే పల్లం. చాలా ముందునుంచే కాలు తీసి, మెల్లగా బ్రేకు ఆనించాను. బోర్డుకు ఇవతలే బండి నిలబడింది. గుండె దడదడలాడుతూ పక్కకు చూశాను. మావాడు వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.